శుక్లాల ఆపరేషన్ తరవాత కంటి ప్రెషర్: ఎప్పుడు తగ్గుతుంది, ఎప్పుడు పెరుగుతుంది

సంక్షిప్తంగా: శుక్లాల శస్త్రచికిత్స తరవాత కంటి లోపలి ఒత్తిడి చాలామందిలో కొద్దిగా తగ్గుతుంది. ద్రవం బయటకు పోయే దారి ఇరుకైన కళ్లలో ఈ తగ్గుదల ఎక్కువ. అయితే ఆపరేషన్ జరిగిన మొదటి 24 గంటల్లోనూ, స్టెరాయిడ్ చుక్కలు వాడే వారాల్లోనూ ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. చూపు నాడిని దెబ్బతీసే నీటికాసుల జబ్బు (గ్లకోమా) ముందునుంచీ ఉన్నవారికి ఈ ఆపరేషన్ సాయపడవచ్చు గాని, ఆ జబ్బుకు వాడే మందులను సొంతంగా మానేయడానికి అది కారణం కాదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చలికాలం వచ్చిందంటే కంటి ఆపరేషన్ల జోరు పెరుగుతుంది. ఎండల్లో కన్ను మానదన్న నమ్మకం పల్లెల్లో ఇంకా ఉంది. నేటి శస్త్రచికిత్సకు కాలంతో పని లేకపోయినా, పంట కోతలు అయ్యాక చేయిద్దామని ఆగేవారే ఎక్కువ. ఇలా ఆపరేషన్ చేయించుకున్నవారి నుంచి పరస్పర విరుద్ధమైన రెండు మాటలు వినిపిస్తుంటాయి. శుక్లం తీయించుకుంటే కంటి ప్రెషర్ కూడా పోయిందని ఒకరంటారు. ఆపరేషన్ వల్లనే ప్రెషర్ పెరిగి చూపు తగ్గిందని మరొకరంటారు. రెండు మాటలకూ వైద్యపరంగా ఆధారం ఉంది. ఏ కంటికి ఏది వర్తిస్తుందన్నది ఆ కంటి నిర్మాణాన్ని బట్టి, ఆపరేషన్ అయి ఎన్నాళ్లయిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ తేడా తెలియక కొందరు అక్కర్లేని భయంతో ఆపరేషన్ వాయిదా వేస్తున్నారు, మరికొందరు అవసరమైన మందులు మానేస్తున్నారు. రెండింటికీ మూల్యం చూపే.

కంట్లో ఒత్తిడి ఎలా ఏర్పడుతుంది

కంటి ప్రెషర్ వేరు, బి.పి. వేరు. బి.పి. అదుపులో ఉన్నంత మాత్రాన కంటి ప్రెషర్ అదుపులో ఉన్నట్టు కాదు. కంటి ముందు భాగంలో నేత్రోదకం అనే పలచని ద్రవం నిరంతరం ఊరుతూ ఉంటుంది. కంటిపాప చుట్టూ రంగు వలయంలా ఉండే ఐరిస్ వెనక, లెన్సు చుట్టూ ఉండే సీలియరీ భాగం నిమిషానికి సుమారు 2 నుంచి 2.5 మైక్రోలీటర్ల ద్రవాన్ని తయారు చేస్తుంది. ఆ ద్రవం కంటిపాప గుండా ముందు గదిలోకి వచ్చి, కంటి ముందరి పారదర్శక పొర అయిన కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య ఉండే మూలలోని వడపోత కణజాలం గుండా ష్లెమ్ కాలువలోకి, అక్కడినుంచి రక్తనాళాల్లోకి చేరుతుంది. ముందు గదిలో పట్టే ద్రవం దాదాపు పావు మిల్లీలీటరే కాబట్టి, సుమారు రెండు గంటలకొకసారి అదంతా మారిపోతుందన్నమాట. వంశధార కాలువ కింది వరిమడిలో నీరు వచ్చే తూము తెరిచే ఉండి, పోయే గండి పూడితే మడిలో మట్టం ఎలా పెరుగుతుందో కంట్లో ఒత్తిడీ అలాగే పెరుగుతుంది. ఎక్కువ సందర్భాల్లో లోపం పోయే దారిలోనే ఉంటుంది.

సాధారణంగా ఈ ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. ఇది గీత గీసినట్టు పాటించాల్సిన హద్దు కాదు. 21 లోపు ఉన్నా చూపును మెదడుకు చేర్చే దృక్‌నాడి దెబ్బతినేవారున్నారు, 24 ఉన్నా ఏళ్ల తరబడి ఏమీ కానివారున్నారు. పైగా ఒకే కంట్లో ఒకే రోజున ఈ అంకె మారుతూ ఉంటుంది. ఆరోగ్యవంతుల్లోనే ఉదయానికీ సాయంత్రానికీ 3 నుంచి 6 మిల్లీమీటర్ల తేడా కనిపించవచ్చు. నీటికాసులున్నవారిలో ఈ ఊగిసలాట ఇంకా ఎక్కువ. ఆపరేషన్ తరవాత ఒత్తిడి రెండు మిల్లీమీటర్లు తగ్గిందనో పెరిగిందనో ఒక్కసారి కొలిచి చెప్పే మాటకు అంత విలువ లేకపోవడానికి కారణం ఇదే.

కొలిచే తీరు కూడా తెలుసుకోదగ్గదే. శిబిరాల్లో తరచుగా కంటి మీదకు గాలి ఊదే యంత్రం వాడతారు. ఎవరికి అనుమానం ఉందో ఏరడానికి అది పనికొస్తుంది. ఖచ్చితమైన కొలతకు ప్రామాణికంగా భావించేది గోల్డ్‌మన్ టోనోమీటరు. కంట్లో మత్తు చుక్క, పసుపు రంగు మందు వేసి, గడ్డం బల్లకు ఆనించి కూర్చోబెట్టి, నీలి వెలుగులో ఒక చిన్న గాజుమొనను కార్నియాకు తాకిస్తారు. డాక్టరుకు రెండు పచ్చని అర్ధవలయాలు కనిపిస్తాయి. మీట తిప్పుతూ ఆ రెండింటి లోపలి అంచులు ఒకదానికొకటి సరిగ్గా తాకిన చోట ఆపి, అక్కడి అంకె చదువుతారు. కార్నియా మరీ మందంగా ఉంటే అంకె ఎక్కువగా, మరీ పలచగా ఉంటే తక్కువగా రావచ్చు. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో కార్నియా నీరు పట్టి ఉబ్బి ఉన్నా కొలత తప్పే వీలుంది.

లెన్సు తీస్తే ఒత్తిడి ఎందుకు తగ్గుతుంది

వయసుతోపాటు కంటి లెన్సు పొరలు పొరలుగా మందమవుతూ పోతుంది. పెద్ద వయసులో దాని మందం నాలుగున్నర నుంచి ఐదు మిల్లీమీటర్ల దాకా చేరుతుంది. శుక్లం తీసి దాని స్థానంలో అమర్చే కృత్రిమ లెన్సు మధ్య భాగం మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే. అంటే కంటి లోపల మూడు మిల్లీమీటర్లకు పైగా చోటు ఖాళీ అవుతుంది. లెన్సు వెనక నుంచి నెట్టడం ఆగిపోవడంతో ఐరిస్ వెనక్కి జరుగుతుంది, ముందు గది లోతవుతుంది, మూల తెరుచుకుంటుంది.

పొట్టి కళ్లలో, అంటే ప్లస్ పవరు అద్దాలు వాడేవారి కళ్లలో, ఈ మార్పు ఫలితం బాగా కనిపిస్తుంది. అలాంటి కళ్లలో మందమైన లెన్సు ఐరిస్‌కు ఆనుకుని ఉంటుంది. ద్రవం కంటిపాప గుండా ముందుకు రావడానికి సందు చాలక వెనకే పేరుకుని, ఐరిస్‌ను ముందుకు ఉబ్బించి మూలను మూసేస్తుంది. మూల మూసుకునే ఈ రకం నీటికాసులు మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ, ఆసియా ప్రజల్లో మరీ ఎక్కువ. లెన్సును తీసేయడమంటే ఇక్కడ అడ్డంకినే తొలగించడం.

మూల మామూలుగానే తెరిచి ఉన్న కళ్లలో కూడా ఒత్తిడి కొంత తగ్గుతుండడానికి కారణాలేమిటన్నదానిపై నిపుణులు కొన్ని వివరణలు ఇస్తున్నారు. కొత్త లెన్సు అమరిన సంచి కుదించుకుని సీలియరీ భాగాన్ని లాగడం వల్ల వడపోత కణజాలపు రంధ్రాలు సాగుతాయన్నది ఒకటి. ఆపరేషన్ సమయంలో ధారగా పారే ద్రవం అక్కడ పేరుకున్న మడ్డిని కడిగేస్తుందన్నది మరొకటి. శుక్లాన్ని ముక్కలు చేసే ఫేకో యంత్రపు అతిధ్వని తరంగాల తాకిడికి ఆ కణాలు స్పందించి తమను తాము చక్కదిద్దుకుంటాయన్నది ఇంకొక వాదన. అతిధ్వని వాడని చిన్న కోత పద్ధతిలోనూ ఒత్తిడి తగ్గడం కనిపిస్తోంది కాబట్టి, ఈ చివరి వాదన ఒక్కదానితోనే మొత్తం వ్యవహారం తేలదు. మన ప్రాంతంలో ముదిరిన శుక్లాలకు చిన్న కోత పద్ధతినే ఎక్కువగా ఎంచుకుంటారు. కుట్లు పడని ఆ పద్ధతిలో కంటి ప్రెషర్‌కు మేలు జరగదన్న అనుమానం అక్కర్లేదు.

తగ్గేది ఎంత

ఆపరేషన్‌కు ముందు ఒత్తిడి ఎంత ఎక్కువగా ఉంటే తగ్గుదల అంత ఎక్కువగా ఉండడం పలు పరిశీలనల్లో తేలిన విషయం. అమెరికాలో 2008లో వెలువడిన ఒక విశ్లేషణలో, ముందు 23 నుంచి 31 మధ్య ఉన్న కళ్లలో సగటున 6.5 మిల్లీమీటర్లు తగ్గగా, 15 నుంచి 17 మధ్య ఉన్న కళ్లలో తగ్గింది 1.6 మాత్రమే. 14, అంతకు లోపు ఉన్న కళ్లలో ఏమాత్రం తగ్గకపోగా అతి స్వల్పంగా పెరిగింది. ఒత్తిడి ఎక్కువగా ఉండి దృక్‌నాడి ఇంకా దెబ్బతినని వారిని ఏళ్ల తరబడి గమనించిన మరో అమెరికన్ అధ్యయనం నుంచి 2012లో వచ్చిన ఫలితాల ప్రకారం, శుక్లాల ఆపరేషన్ జరిగిన కళ్లలో సగటు ఒత్తిడి 23.9 నుంచి 19.8కి దిగింది, కళ్లవారీగా చూస్తే తగ్గుదల సగటున 16.5 శాతం.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రోజంతా మారే కొలతల్లో, ఎక్కువగా నమోదైన అంకె రెండోసారి కొలిస్తే దానంతటదే కొంత కిందికి వస్తుంది. అందువల్ల ఒత్తిడి ఎక్కువ ఉన్నవారిలో కనిపించిన తగ్గుదలంతా ఆపరేషన్ ఖాతాలో వేయడం సరికాదు. తగ్గిన ఒత్తిడి సంవత్సరాలు గడిచేకొద్దీ మెల్లగా పెరగవచ్చు కూడా.

మూల మూసుకునే రకంలో మాత్రం ఆధారం గట్టిగా ఉంది. ఐదు దేశాల్లో 419 మందితో జరిగి 2016లో ప్రచురితమైన ఈగిల్ అధ్యయనంలో, శుక్లం లేని లెన్సును కూడా తీసేసినవారిని, ఐరిస్‌కు లేజర్‌తో రంధ్రం చేయించుకున్నవారిని పోల్చారు. మూడేళ్ల తరవాత లెన్సు తీసినవారిలో సగటు ఒత్తిడి 16.6, లేజర్ చేయించుకున్నవారిలో 17.9. పైకి ఈ తేడా చిన్నదే. కాని లెన్సు తీసినవారిలో 60 శాతం మందికి నీటికాసుల చుక్కలతో పని లేకపోయింది, లేజర్ వర్గంలో అలాంటివారు 21 శాతమే. జీవితాంతం నెలనెలా చుక్కలు కొనాల్సిన కుటుంబానికి ఈ రెండో పోలికే అసలైన పోలిక. ఆ అధ్యయనంలో చేర్చుకున్నది 50 ఏళ్లు దాటి, మూల మూసుకుని ఒత్తిడి 30 దాటినవారిని లేదా అప్పటికే జబ్బు మొదలైనవారిని మాత్రమే కాబట్టి, కంటి ప్రెషర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ముందే లెన్సు తీసేయాలని దాని అర్థం కాదు.

తన కన్ను ఏ రకానిదో తేలాలంటే గోనియోస్కోపీ చేయించుకోవాలి. చిన్న అద్దాలున్న లెన్సును కంటికి ఆనించి ఆ మూలను నేరుగా చూసే పరీక్ష అది. రెండు నిమిషాల పని. జనం కిక్కిరిసిన శిబిరంలో దాన్ని చేయడం కష్టమే గాని, ఆపరేషన్ జరిగే ఆసుపత్రిలో అడిగి చేయించుకోవచ్చు.

మొదటి రాత్రి

ఆపరేషన్ సమయంలో కంటి లోపలి పొరలకు గాయం కాకుండా, గది కుంగిపోకుండా చిక్కని పారదర్శక జెల్ ఎక్కిస్తారు. చివర్లో దాన్ని కడిగి తీసేస్తారు గాని, కొత్త లెన్సు వెనక ఎంతో కొంత మిగలవచ్చు. ఆ జెల్ పెద్ద పెద్ద అణువులతో కూడినది. అది మూలలోని సన్నని రంధ్రాల్లో ఇరుక్కుని ద్రవాన్ని పోనివ్వదు. ఫలితంగా ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో ఒత్తిడి పెరుగుతుంది, సాధారణంగా ఒక రోజులో దిగివస్తుంది. ఉదయం ఆపరేషన్ అయితే శిఖరం సాయంత్రానికో రాత్రికో వస్తుందన్నమాట. మర్నాడు కట్టు విప్పి కొలిచేనాటికి అంకె మామూలుగానే కనిపించవచ్చు.

ఆరోగ్యంగా ఉన్న దృక్‌నాడి ఆ కొద్ది గంటల ఒత్తిడిని తట్టుకుంటుంది. నీటికాసుల వల్ల అప్పటికే చాలావరకు నశించిన నాడికి మాత్రం మిగిలిన కొద్దిపాటి చూపు కూడా ప్రమాదంలో పడుతుంది. లెన్సు మీద చుండ్రులాంటి తెల్లటి పదార్థం పేరుకునే సూడోఎక్స్‌ఫోలియేషన్ అనే స్థితి దక్షిణ భారతంలో పెద్దవారిలో కనిపిస్తుంది. అటువంటి కళ్లలో తొలిరోజు పెరుగుదల ముప్పు ఎక్కువ. అవే కళ్లలో కొన్ని నెలల తరవాత కనిపించే తగ్గుదల కూడా ఎక్కువే. ఒకే ఆపరేషన్ గురించి ఊళ్లో రెండు రకాల కబుర్లు ఎందుకు పుడతాయో ఇక్కడే అర్థమవుతుంది.

ఈ సమయంలో ఎదురయ్యే లక్షణాలను గుర్తుపట్టడంలోనే పొరపాటు జరుగుతుంటుంది. ఒత్తిడి బాగా పెరిగితే కంట్లో పోటు, అదే వైపు తలనొప్పి, వాంతులు వస్తాయి. ఆపరేషన్ అయిన మనిషికి వాంతులైతే పైత్యం చేసిందనో, తిన్నది పడలేదనో అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెడతారు. తెల్లారితే చూద్దామనుకునే ఆ రాత్రే విలువైనది. ఇచ్ఛాపురం, సాలూరు వంటి దూరప్రాంతాల నుంచి వచ్చి అదే రోజు ఇంటికి చేరేవారికి, రాత్రి ఫోన్ చేయాల్సిన నంబరు చీటీ మీద రాసి ఇవ్వడం ఆసుపత్రుల కనీస బాధ్యతగా ఉండాలి.

దీనికి భిన్నంగా, కోత సరిగా అతుక్కోక ద్రవం కారితే ఒత్తిడి మరీ పడిపోవచ్చు కూడా. కంటి నుంచి వేడినీరు ధారగా కారుతున్నట్టు అనిపించి చూపు మసకబారితే అదీ వెంటనే చూపించాల్సిన విషయమే.

చుక్కల మందుతో వచ్చే చిక్కు

ఆపరేషన్ తరవాత వాపు తగ్గడానికి ప్రెడ్నిసలోన్ లేదా డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ చుక్కలు నాలుగు నుంచి ఆరు వారాల పాటు, క్రమంగా తగ్గిస్తూ వాడమంటారు. ఆ మందు అవసరమే. అయితే కొందరి కళ్లలో స్టెరాయిడ్ వడపోత కణజాలంలో అనవసర పదార్థం పేరుకునేలా చేసి దారిని బిగిస్తుంది. సాధారణ జనంలో దాదాపు మూడోవంతు మందిలో ఒక మోస్తరుగా, 4 నుంచి 6 శాతం మందిలో తీవ్రంగా ఒత్తిడి పెరుగుతుందని 1960ల నాటి పరిశోధనలే చెప్పాయి. నీటికాసులున్నవారు, వారి రక్తసంబంధీకులు, ఎక్కువ మైనస్ పవరున్నవారు, మధుమేహులు ఇందులో ముందుంటారు.

ఈ పెరుగుదల సాధారణంగా రెండు వారాల తరవాత మొదలవుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కన్ను చల్లగా, హాయిగానే ఉంటుంది. ఆ హాయి వల్లనే ప్రమాదం మొదలవుతుంది: సీసా అయిపోగానే అదే ఖాళీ సీసా మందుల దుకాణంలో చూపించి మరొకటి కొనడం, ఎర్రబడినప్పుడల్లా రెండు చుక్కలు వేసుకోవడం, ఇంట్లో మరొకరి కంటికి అదే మందు వాడడం. వారాల్లో ఆపితే ఒత్తిడి చాలావరకు మామూలు స్థితికి వస్తుంది. నెలలు, ఏళ్ల తరబడి వాడితే దృక్‌నాడి కోలుకోలేనంతగా దెబ్బతింటుంది. ఆపరేషన్ అయిన నెల రోజులకు అద్దాల కోసం వెళ్లినప్పుడు అక్షరాల పట్టిక చదివించి పంపేస్తే సరిపోదు. ప్రెషర్ కూడా కొలవాల్సింది ఆ రోజే.

శుక్లం పండేదాకా ఆగితే

ఆపరేషన్ వల్ల ఒత్తిడి పెరుగుతుందన్న భయంతో వాయిదా వేసేవారు రెండో వైపు ప్రమాదాన్ని గమనించడం లేదు. శుక్లం పండాకే తీయాలన్న మాట పాత పద్ధతుల నాటిది. పండిన లెన్సు నీరు పీల్చి ఉబ్బితే ఐరిస్‌ను ముందుకు నెట్టి మూలను మూసేస్తుంది. ఇంకా ముదిరితే లోపలి మాంసకృత్తులు కరిగి, పొర గుండా కారి, వాటిని తినడానికి వచ్చిన కణాలతో సహా వడపోత కణజాలాన్ని పూడ్చేస్తాయి. రెండు స్థితుల్లోనూ ఒత్తిడి ఒక్కసారిగా 40, 50 దాటవచ్చు. రెంటికీ చికిత్స ఆ లెన్సును తీయడమే. కాకపోతే అప్పటికి ఎర్రబడి, నొప్పితో, ఒత్తిడితో ఉన్న కంటికి చేయాల్సి వస్తుంది, దృక్‌నాడి ఎంత మిగిలిందో చెప్పలేని పరిస్థితిలో చేయాల్సి వస్తుంది. ఒక కన్ను కనిపిస్తోంది కదా అని రెండో కంటి శుక్లాన్ని ఏళ్ల తరబడి వదిలేసేవారికి ఈ ముప్పు మరింత దగ్గరగా ఉంటుంది.

ఉద్దానంలో అదనపు జాగ్రత్త

పెరిగిన ఒత్తిడిని తక్షణం దించడానికి డాక్టర్లు తరచుగా వాడేవి డయామాక్స్ పేరుతో దొరికే అసెటజోలమైడ్ మాత్రలు. ఒత్తిడి మరీ ఎక్కువైతే నరానికి మానిటాల్ ఎక్కిస్తారు. అసెటజోలమైడ్ మూత్రపిండాల ద్వారానే శరీరం నుంచి బయటకు పోతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో అది పేరుకుని రక్తంలో ఆమ్లత్వాన్ని, మగతను కలిగిస్తుంది. మూత్రం సరిగా రానివారికి మానిటాల్ ఇస్తే ద్రవం శరీరంలో నిలిచి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు.

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానంగా పిలిచే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎంత విస్తృతంగా ఉందో అందరికీ తెలిసిందే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైందీ ఆ కారణంగానే. శుక్లాలు, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవారు అక్కడ అరుదేమీ కాదు. కంటి ఆసుపత్రిలో కళ్ల గురించే చెప్పాలనుకుని కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చీటీని ఇంట్లో వదిలి వెళ్లడం పెద్ద పొరపాటు. ఆ చీటీ చూస్తే డాక్టరు మాత్ర మోతాదు తగ్గించవచ్చు, లేదా దాన్ని పూర్తిగా పక్కనపెట్టి చుక్కలతోనే ఒత్తిడి దించే ప్రయత్నం చేయవచ్చు. ఆ చుక్కల్లో ఒకటైన టిమొలాల్ ఉబ్బసం ఉన్నవారికి పడదు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి అసెటజోలమైడ్ రాయకముందే చెప్పాలి.

ఇప్పటికే నీటికాసుల మందు వాడుతున్నవారు

తెలుగు ప్రాంతాల్లో 1996 నుంచి 2000 వరకు జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో, నీటికాసులున్నట్టు తేలినవారిలో అత్యధికులకు ఆ సంగతి అంతవరకూ తెలియదు. అటువంటివారికి శుక్లం తీసినా చూపు పూర్తిగా రాదు. శుక్లం వల్ల పోయిన చూపు ఆపరేషన్‌తో వస్తుంది, నాడి దెబ్బతిని పోయిన చూపు రాదు. ముందుగా ప్రెషర్ కొలిచి, వీలైతే దృక్‌నాడిని చూసి, ఎంత చూపు ఆశించవచ్చో చెప్పకపోతే, ఆ లోటంతా ఆపరేషన్ చెడిపోవడం వల్లనేనని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. ఆ ఒక్క కేసును చూసి వీధిలో మరో నలుగురు ఆపరేషన్ మానుకుంటారు.

జబ్బు ఉన్నట్టు ముందే తెలిసి చుక్కలు వాడుతున్నవారు ఆపరేషన్ రోజున ఆ సీసాలన్నీ వెంట తీసుకువెళ్లడం మంచిది. కొన్ని చుక్కలను కొద్దికాలం ఆపమనవచ్చు, కొన్నింటిని మార్చవచ్చు, ఆ నిర్ణయం డాక్టరుదే. తరవాత ఒత్తిడి తగ్గినట్టు కనిపించినా, స్టెరాయిడ్ చుక్కలు పూర్తిగా ఆగి కొన్ని వారాలు గడిచాక, వేర్వేరు వేళల్లో రెండు మూడుసార్లు కొలిచిన తరవాతే మందు తగ్గించే ఆలోచన చేస్తారు. గతంలో నీటికాసులకు ట్రాబెక్యులెక్టమీ చేయించుకున్నవారి సంగతి వేరు. ద్రవం పోవడానికి అప్పట్లో చేసిన కొత్త దారి, శుక్లాల ఆపరేషన్ వల్ల కలిగే వాపుతో కుంచించుకుపోయి, తగ్గాల్సిన ఒత్తిడి మళ్లీ పెరగవచ్చు. వీరికి మొదటి ఏడాదంతా మిగతావారికంటే తక్కువ వ్యవధిలో కొలతలు అవసరమవుతాయి. పాత ఆపరేషన్ కాగితాలు పోయినా, పై రెప్ప కింద తెల్లగుడ్డు మీద ఉబ్బెత్తుగా కనిపించే ఆ చోటును కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంపుతో చూసి డాక్టరు గుర్తుపట్టగలరు.